నేను రాసిచ్చిన జీతం

ఈమధ్య మా శిశు సంక్షేమ శాఖలో కొత్తగా చేరిన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఇద్దరు ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ వాళ్లలో ఒకమ్మాయి, "మేడం, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద తప్పేంది?" అని అడిగేసింది. పిల్లకు ధైర్యం ఎక్కువే. నేను నవ్వి, ఒకసారి కోడిగుడ్ల ట్రేలు పొరపాటున వేరే ఊళ్లో దింపించిన సంగతి చెప్పి పంపించేశాను. వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. అది తప్పో ఒప్పో నాకే ఇంతవరకు తేలలేదు కాబట్టి నోరు రాలేదు. రాస్తే అయినా తేలుతుందేమోనని కూర్చున్నాను. కొత్తగా చేరిన పిల్లలూ, ఇది మీకోసమే.

జీతం అనే మాటతో నాకు మొదటి నుంచీ తికమకే. మా నాన్న ఆదోనిలో ఒక ధాన్యం మండీలో గుమాస్తా. ఆయనకు వచ్చేదాన్ని మా ఇంట్లో పగారు అనేవాళ్లం. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ వీధి వీధంతా తిరిగి, "మా పిల్లకు గవర్నమెంటు జీతం" అని చెప్పుకుంది. పగారు అనలేదు. తండ్రికి వచ్చేది పగారు, కూతురికి వచ్చేది జీతం ఎందుకయిందని ఎవరూ అడగలేదు, నాన్న కూడా అడగలేదు.

తీరా ఆఫీసులో చేరాక చూస్తే, నాకు వచ్చేది జీతమే గానీ, నా కింద పనిచేసే అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు వచ్చేది జీతం కాదట. గౌరవ వేతనం అట. వేతనమన్నా జీతమన్నా ఒకటే కదా, ముందు గౌరవం తగిలిస్తే అది జీతం ఎట్లా కాకుండా పోతుందో నాకు అర్థం కాలేదు. మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. చిన్నాపెద్దా అందరం ఆయన్ను అన్నా అనే పిలిచేవాళ్లం. ఆయన్ను అడిగాను.

"ఏముంది మేడం," అన్నాడు ఫైలు లోంచి తల ఎత్తకుండా. "గౌరవం ఇచ్చినాంక సెలవులు, పింఛను ఇయ్యబళ్లేదు. అంతే తేడా."

అది ఎగతాళిగా అన్నాడో, రూలే చెప్పాడో తెలియలేదు. నేను మాత్రం ఆజ్ఞ శిరసావహించాను. నెలనెలా జరిగే మీటింగులో ఎవరైనా లేచి "మేడం, జీతం పడలేదు" అంటే, "జీతం కాదమ్మా, గౌరవ వేతనం" అని దిద్దేదాన్ని. ఒకసారి ఒకామె నన్ను కాసేపు చూసి, "అదైనా పడలేదు మేడం" అని కూర్చుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉరుకుంద దారిలో ఒక చిన్న ఊరి అంగన్‌వాడీ సెంటరులో ఒక ఆయా ఉండేది. టీచరు కంటే ముందే వచ్చి తాళం తీసేది, ఊడ్చేది, పొయ్యి వెలిగించేది. తర్వాత ఇల్లిల్లూ తిరిగి ఒక పిల్లను చంకలో వేసుకుని, ఇంకో ఇద్దర్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేది. నేను చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ఆమె చేతిలో ఏదో ఒక పని కనబడేది. భర్త ఏడాదిలో సగం రోజులు మిరప కోతలని గుంటూరు వైపు పోయేవాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు, ముసలి మామ.

నేను రిటైరయ్యే ముందు ఏడాది వానలకు వాళ్ల మట్టి మిద్దె ఒక పక్క కూలింది. మనుషులకేమీ కాలేదు. రేకులు వేసుకుందామని ఆమె బ్యాంకుకు పోతే, జీతం సర్టిఫికెట్ తెమ్మన్నారు. అటువంటి కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా పై అధికారిణి. ఆమె సెలవులో ఉంది, ఇన్‌ఛార్జిని నేనే. గౌరవ వేతనం అని టైపు చేయించి ఇచ్చాను. రెండు రోజులకు ఆయా కాగితం పట్టుకుని వెనక్కి వచ్చింది.

"మేడం, గౌరవానికి లోను రాదంట. జీతం అని రాస్తేనే ఇస్తారంట."

అన్న నా వంక చూశాడు. "రాయొద్దు మేడం. మనకాడ ఆ మాట లేదు" అన్నాడు.

రాశాను. 'నెలకు ఇంత జీతం పొందుచున్నారు' అని నా చేత్తోనే రాసి, సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేశాను. ఒక్క మాట మారిస్తే నలుగురి తల మీద కప్పు నిలుస్తుందంటే మార్చడానికి నాకేం పోయింది అనుకున్నాను. ఆ పూట నామీద నాకే కొంచెం గొప్పగా అనిపించింది కూడా. దాచడమెందుకు.

లోను వచ్చింది, రేకులు పడ్డాయి. అంతటితో ఆగితే ఇది నేను మీకు టీ తాగుతూ చెప్పుకునే మంచి కథ అయ్యేది.

నాకు తెలియకుండా జరిగిందేమిటంటే, ఆయా మామ ఆ కాగితం జెరాక్సు ఒకటి దాచుకున్నాడు. దాచుకోవడమే కాదు, బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి, దానికి లామినేషను చేయించాడు. గోడకు తగిలించాడు. చదువు రాదు ఆయనకు. ఇంటికి వచ్చినవాళ్లకల్లా చూపించి చదివించుకునేవాడట.

ఎందుకంత మోజో తర్వాత తెలిసింది. ఆయన చిన్నప్పుడు జీతానికి ఉన్నవాడు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. ఉగాదికి మాట్లాడుకుని, పెద్ద రైతు ఇంట్లో పిల్లవాణ్ణి ఏడాదికి పనికి పెట్టేవాళ్లు. దానికి ఇచ్చే జొన్నలు తండ్రి ముందే తెచ్చుకునేవాడు. పిల్లవాడికి దక్కేది తిండి, ఒక కంబళి, ఒక జత చెప్పులు. ఏడాది అయ్యేసరికి ఇంట్లో ఇంకో అవసరం వచ్చేది, మళ్లీ జొన్నలు, మళ్లీ ఏడాది. ఈయన అట్లా, దసరాకు కర్రల సమరం జరిగే దేవరగట్టు దిక్కున ఒక ఊళ్లో మీసాలు వచ్చేదాకా ఉన్నాడు. జీతగాడు అని పిలిపించుకున్నాడు గానీ, జీతం అనేదాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. అటువంటి మనిషికి కోడలి జీతం కాగితం మీద, సీలుతో సహా కనబడింది.

కొన్నాళ్లకు ఊళ్లో ఇంటింటి సర్వే వచ్చింది. ట్యాబు పట్టుకుని వచ్చిన అమ్మాయి వరసగా అడుగుతూ, "ఇంట్లో ఎవరికైనా గవర్నమెంటు జీతం ఉందా?" అంది. ఆయా సెంటరులో ఉంది. ఇంటి దగ్గర ఉన్నది మామ ఒక్కడే. ఆయన గబగబా లోపలికి పోయి గోడ మీది కాగితం తెచ్చి ఇచ్చాడు.

"మా కోడలికుంది, సూడమ్మా. మేడం రాసిచ్చింది" అన్నాడట.

ఆ అమ్మాయి చూసింది, నొక్కింది. మరుసటి నెల ముసలాయన వృద్ధాప్య పింఛను ఆగిపోయింది. ఆ వెనకే బియ్యం కార్డు కూడా పోయింది. జీతం వచ్చే ఇల్లు కాబట్టి.

ఆయా వచ్చి నా టేబుల్ ముందు నిలబడి చెప్పినప్పుడు, నాకు మొదట కోపం వచ్చింది, ఆ ముసలాయన మీద. తర్వాత భయం పట్టుకుంది, నా గురించి. పై అధికారిణి తిరిగి వచ్చింది. రూలుకు విరుద్ధంగా జీతం అని రాసింది ఎవరని అడిగితే నా పేరే చెప్పాలి. రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉన్నాయి, ఇప్పుడు మెమో పడితే నా పెన్షను కాగితాలు ఎక్కడ ఆగుతాయో తెలియదు.

"అర్జీ పెట్టుకోమ్మా, సరైపోతాది" అని పంపించాను. రెండోసారి వచ్చినప్పుడూ అదే చెప్పాను. అర్జీ పెడితే మండలం ఆఫీసువాళ్లు మీ ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారని మూడోసారి చెప్పింది. "చూద్దాం" అన్నాను. అట్లా రెండు నెలలు గడిపాను. ఆ రెండు నెలలు వాళ్లింట్లో బియ్యం కొనుక్కుని తిన్నారు. నా పెద్ద తప్పు ఏదని అడిగింది కదా ఆ అమ్మాయి, కాగితం రాయడం తప్పో కాదో తేలలేదు గానీ, ఈ రెండు నెలలు మాత్రం తప్పే. దీంట్లో తికమక లేదు.

నాలుగోసారి ఆమె ఏమీ అడగలేదు. ఒక మడత కాగితం టేబుల్ మీద పెట్టింది. ఆయా పనికి రాజీనామా. సెంటరు టీచరు చేత రాయించుకుని వచ్చింది.

"ఏందమ్మా ఇది?"

"నేను మానుకుంటే జీతం లేని ఇల్లయితాది గదా మేడం. కార్డొస్తాది, మామకు పింఛనొస్తాది. నేను పత్తి కాయలు తీసేకి పోతా. దానికెవరూ ఏ పేరు పెట్టరు."

అన్న లేచి వచ్చి ఆ కాగితం మడిచి, నా చేతికి ఇవ్వకుండా తన జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం వీళ్లను తీసుకోని ఆదోనికి పోండి మేడం. సబ్ కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు ఆడ. మీరు పోతే పని అయితాది. పోకుంటే మీ ఇష్టం" అన్నాడు. అంతకు ముందెప్పుడూ నాతో అట్లా మాట్లాడలేదు ఆయన.

సోమవారం పొద్దున్నే ఆదోని బస్సెక్కాను. పాతది నాదే కాబట్టి నా సంతకంతోనే రాత్రి కొత్త కాగితం తయారు చేసుకున్నాను. 'సదరు ఆయాకు చెల్లించునది గౌరవ వేతనము మాత్రమే, జీతము కాదు' అని. బ్యాగులో పెట్టుకుని దారి పొడుగునా రెండు మూడుసార్లు తీసి చదువుకున్నాను. చదివినకొద్దీ నాకే అర్థం కాకుండా పోయింది. మొదటిది అబద్ధమయితే ఇది నిజం. కానీ మొదటిది రాసేటప్పుడు నేను అబద్ధం రాస్తున్నాననుకోలేదే. ఆమె నెలంతా చేసిందీ నిజం, నెల తర్వాత మేం డబ్బు ఇచ్చిందీ నిజం.

ఆఫీసు ముందర ఆయా, మామ చెట్టు కింద కూర్చుని ఉన్నారు. ముసలాయన ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో లామినేషను కాగితం పట్టుకుని ఉన్నాడు. అది తేవొద్దని కోడలు చెప్పిందట, వినలేదు.

మా వంతు వచ్చింది. అర్జీలు చూస్తున్న అధికారి వయసులో నా కొడుకంత ఉంటాడు. నెమ్మదస్తుడు. కుర్చీలు వేయించాడు. నేను కొత్త కాగితం ఇచ్చాను. ఆయన చదువుతుండగానే మామ తన కాగితం కూడా బల్ల మీద పెట్టాడు. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశాడు.

"మేడం, రెండు సంతకాలూ మీవేనా?"

"నావే సార్."

"ఏది నిజం?"

"రెండూ నేనే రాసినాను సార్."

"నేనడిగింది అది కాదు మేడం."

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. రెండు కాగితాలనూ దగ్గరకు జరుపుకుని నా సంతకాలే పోల్చి చూసుకున్నాను. నా గందరగోళం చూసి కాబోలు ఆయనే అన్నాడు. "ఈ పాతది ఉన్నంతకాలం ఇది జీతం వచ్చే ఇల్లే. అది పొరపాటున రాసిందని మీరు రాసిస్తే, నేను పింఛనుకూ కార్డుకూ సిఫారసు చేస్తాను. మీ శాఖవాళ్లు మిమ్మల్ని సంజాయిషీ అడగొచ్చు. ఆలోచించుకోండి."

నేను పెన్ను తీస్తుంటే మామ లేచి నిలబడ్డాడు.

"వద్దు సార్. అది కొట్టేయొద్దు. నాకు పింఛనొద్దు."

"కూర్చో మామా" అంది ఆయా.

"నువ్వుండు. సార్, నేను సిన్నప్పుడు జీతానికుంటి. దసరాకు గట్టు మీద కర్రలు ఆడతాంటే ఊరంతా పోతాది, నేను ఎద్దుల కాడ పండుకోని సప్పుడు ఇంటాంటి. జీతం యాడికి పోయిందో నాకు తెల్దు. మా నాయనను అడిగితే తినేస్తిమి గదరా అనె. ఇప్పుడు నా కోడలికి నెలనెలా బ్యాంకులో పడతాంది. మేడం రాసిచ్చింది, సీలేసింది. మా ఇంట్లో ఒక్కరికన్నా అది ఉండనీ సార్."

 ఆయా నేల చూస్తూ, గొంతు పెంచకుండానే అంది. "నీకేం మామా, గోడకు తగిలించుకోని సూసుకుంటావు. బియ్యం నేను కొనాల. రెండు నెల్లాయె, లోను కంతు కట్టినాంక చేతిలో ఏం మిగులుతాందో అడిగినావా? మేడం, కొట్టేయండి మీరు. గౌరవమో ఏదో, అదే రాయండి."

ఇద్దరూ నావైపు చూశారు. ఆయన అడిగిందీ ఆమె కోసమే, ఆమె అడిగిందీ ఆయన కోసమే. వాళ్లిద్దరిలో ఎవరి మాట వినాలో ఆ నిమిషంలో నాకు నిజంగా తెలియలేదు. చివరికి పొయ్యి ముట్టించేది ఆమె కదా అనుకుని, లామినేషను కాగితం దగ్గరకు లాక్కుని 'రద్దు' అని రాయబోయాను. ప్లాస్టిక్ మీద పెన్ను జారింది. ఒక్క అక్షరం పడలేదు. అధికారి ఒక తెల్లకాగితం ఇచ్చాడు. దాని మీద రాశాను, పొరపాటున జీతం అని రాశానని, అది జీతం కాదని. సంతకం పెట్టాను. పాత కాగితాన్ని ఫైలుకు జతచేయాలన్నారు. ముసలాయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు, వదలడానికి కాస్త సేపు పట్టింది.

"ఏం రాసినావమ్మా? సదువు" అన్నాడు నాతో.

చదివాను. విన్నాడు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"అట్లయితే నా కోడలు గూడ జీతం లేకుండానే చేస్తాందన్నమాట" అన్నాడు.

కోపంగా అనలేదు. కొత్త సంగతి తెలుసుకున్న మనిషి అన్నట్టే అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. గౌరవ వేతనం అంటే అట్లా కాదు పెద్దాయనా, డబ్బు పడుతుంది, పేరు మాత్రమే వేరు అని.  అప్పటికే ఆయన పైపంచె భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆయా నాకు దండం పెట్టి ఆయన వెనకాలే పోయింది. తిరుగు బస్సులో వాళ్లు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఎమ్మిగనూరు దాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నాకు చాలా సిగ్గేసింది. దేనికి సిగ్గుపడాలో స్పష్టంగా తెలిస్తే బాగుండేది.

పింఛను మళ్లీ మొదలైంది, కార్డు కూడా వచ్చింది. మా శాఖ నుంచి నాకు ఒక మెమో వచ్చింది, దానికి అన్న చక్కటి జవాబు రాసిపెట్టాడు, అంతటితో అది సద్దుమణిగింది. బ్యాంకువాళ్లు ఏమీ అడగలేదు. ఆ రాజీనామా కాగితం ఏమైందని అన్నను అడిగితే, ఏ కాగితం మేడం అన్నాడు. నేను రిటైరయ్యాను.

కొన్ని నెలల తర్వాత ఆయా బ్యాంకు పని మీద ఎమ్మిగనూరు వచ్చి మా ఇంట్లో అడుగుపెట్టింది. వేరుశనక్కాయలు తెచ్చింది. కూర్చోబెట్టి, మామ ఎట్లున్నాడని అడిగాను. ఆయన నామీద కోపంగా ఉన్నాడా అని అడగాలని ఉంది గానీ అడగలేదు.

"బాగుండాడు మేడం. పింఛను తీసుకుంటాండాడు."

"పోనీలే. ఆయన ఖర్చులకు ఆయనకు ఉంటాయి."

"ఏడ మేడం," అని నవ్వింది. "ఒకటో తారీఖు దుడ్లు తీసుకుంటానే సీదా సెంటరుకొస్తాడు. పిల్లోళ్లు అన్నం తింటాంటారు, టీచరుంటాది. అందురి ముందర నన్ను చెయ్యి పట్టమంటాడు. 'ఇదో, నీ జీతం' అని చేతిలో పెట్టి, మాట్లాడకుండా పోతాడు. నెలనెలా అంతే. వద్దంటే వినడు."

 కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు కనబడకుండా ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, "యాడన్నా రాసుకుంటాండావా అమ్మా, సంతకమేమన్నా..." అన్నాను.

"సంతకమెందుకు మేడం?" అంది ఆయా. "ఇచ్చేటోడు, తీసుకునేదాన్ని ఇద్దరమూ ఆడనే ఉంటిమి గదా."